సమ్మేళనమా, మిశ్రమమా? – ప్రూస్ట్, బెర్తొలే వివాదం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పదార్థాలను మూలకాలు, సమ్మేళనాలు, మిశ్రమాలు అని మూడుగా విడదీయడం రసాయనశాస్త్రంలో తొలి పాఠం. ఈ విభజనలో సమ్మేళనానికీ మిశ్రమానికీ మధ్యనున్న హద్దు ఎప్పుడు, ఏ ఆధారంతో ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచి రసాయనవేత్తలు క్లోద్ లూయీ బెర్తొలే, జోసెఫ్ లూయీ ప్రూస్ట్‌ల మధ్య మొదలైన వివాదం ఇందుకు ప్రధాన ఆధారం. ప్రయోగాలు ప్రూస్ట్ పక్షాన నిలిచాయన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. ఆ గెలుపులో ప్రయోగం పాత్ర ఎంత, నిర్వచనం పాత్ర ఎంత అన్నది ఇక్కడి ప్రశ్న.

కీలకపదాలు: మూలకం, సమ్మేళనం, మిశ్రమం, స్థిరానుపాత నియమం, ప్రూస్ట్, బెర్తొలే, డాల్టన్, బెర్తొలైడ్లు.

1. ఉపోద్ఘాతం

ఇనుపరజను, గంధకపు పొడి కలిపి కాగితం మీద పోస్తారు. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఇనుము విడిగా వచ్చి అంటుకుంటుంది. అదే పొడిని పరీక్షనాళికలో వేసి బాగా వేడిచేస్తే ఎర్రగా రాజుకొని, చల్లారాక నల్లని గడ్డగా మిగులుతుంది. ఆ గడ్డను నూరి అయస్కాంతం చూపినా ఇనుము విడిపోదు. మొదటిది మిశ్రమం, రెండోది సమ్మేళనం అని ఉపాధ్యాయుడు చెబుతాడు. మిశ్రమంలో పదార్థాలు ఏ నిష్పత్తిలోనైనా ఉండవచ్చు. సమ్మేళనంలో మాత్రం 7 పాళ్ల ఇనుముకు 4 పాళ్ల గంధకం చొప్పున ఒకే నిష్పత్తి ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారిలో చాలామందికి ఈ పాఠం గుర్తుండే ఉంటుంది.

ఈ పాఠంలో రెండు వేర్వేరు విషయాలు ఒకే మాటగా కలిసిపోయాయి. మొదటిది గుణాలు మారడం. ఇనుము ఇనుములా, గంధకం గంధకంలా ప్రవర్తించడం మానేయడం ఇందులోకి వస్తుంది. రెండోది బరువుల నిష్పత్తి స్థిరంగా ఉండడం. మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండోది త్రాసు మీద మాత్రమే తెలుస్తుంది. గుణాలు పూర్తిగా మారిన ప్రతిచోటా నిష్పత్తి కూడా స్థిరంగానే ఉండాలని ఎవరు చెప్పారు? 1800 ప్రాంతంలో ఐరోపాలోని పెద్ద రసాయనవేత్తల్లో ఒకడు సరిగ్గా ఈ ప్రశ్నే అడిగాడు. అతడికి దొరికిన సమాధానం నేటి పాఠ్యపుస్తకాలు చెప్పేదానికి వ్యతిరేకం.

పరిభాష గురించి ఒక మాట. తెలుగులో ‘సమ్మేళనం’, ‘సంయోగ పదార్థం’ అనే రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. కవి సమ్మేళనంలో ఏ కవి వ్యక్తిత్వం ఆ కవిదే కాబట్టి, సాధారణ వాడుకను బట్టి చూస్తే సమ్మేళనం అన్న మాట మిశ్రమానికే ఎక్కువ తగుతుంది. అయినా శాస్త్రంలో స్థిరపడిన పేరు కనుక ఈ వ్యాసంలో దానినే వాడుతున్నాను.

2. లెవోయిజర్ మిగిల్చిన పని

మూలకం అంటే ఏమిటన్న ప్రశ్నకు లెవోయిజర్ 1789లో ప్రచురించిన రసాయనశాస్త్ర గ్రంథంలో ఒక ఆచరణాత్మకమైన సమాధానం ఇచ్చాడు. విశ్లేషణ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మిగిలినదే మూలకం. అది నిజంగా అవిభాజ్యమని దీని అర్థం కాదు, దాన్ని విడదీసే మార్గం ఇప్పటికి మనకు దొరకలేదని మాత్రమే. అతడిచ్చిన పట్టికలో 33 మూల పదార్థాలున్నాయి. వాటిలో వెలుతురు, వేడిమి కూడా ఉన్నాయి. సున్నం, మెగ్నీషియా, అల్యూమినా, సిలికా వంటి మట్టి పదార్థాలూ ఉన్నాయి. ఈ మట్టి పదార్థాలు లోహాల ఆక్సైడ్లు కావచ్చునని అతడే అనుమానించాడు. అయినా విడదీసి చూపేవరకు వాటిని మూలకాల్లోనే ఉంచాడు. సున్నం నుండి కాల్షియాన్ని డేవీ 1808లో వేరుచేశాడు.

ఈ నిర్వచనంలోని బలం దాని వినయంలో ఉంది. తప్పు తేలితే పట్టికలో ఒక పేరు కొట్టేస్తే చాలు, నిర్వచనం చెక్కుచెదరదు. పొరపాటు రెండో వైపు నుంచీ జరగవచ్చు. ఈ రోజు క్లోరిన్ అని పిలిచే పచ్చని వాయువు ఆక్సిజన్‌తో కూడిన సమ్మేళనమని ఆనాటివారు నమ్మారు. 1785లో దానిని శ్రద్ధగా పరిశోధించి, బట్టలను తెల్లబరచడానికి ఉపయోగపడుతుందని చూపిన బెర్తొలేది కూడా అదే నమ్మకం. 1810లో డేవీ దానిని మూలకంగా ప్రకటించాడు. ఎంత ప్రయత్నించినా దానిలోంచి ఆక్సిజన్ రాకపోవడమే అతడు చూపిన కారణం.

మూలకానికి ఇలాంటి గీటురాయి దొరికింది గాని సమ్మేళనానికి దొరకలేదు. రెండు మూలకాలు కలిసి కొత్త పదార్థమైతే సమ్మేళనం అన్నారు. ఉప్పు నీటిలో కరిగితే అది కొత్త పదార్థమా? రాగి, తుత్తునాగం కలిసి ఇత్తడి అయితే? ఇసుక, సోడా, సున్నం కరిగి గాజు అయితే? వీటన్నింటిలోనూ గుణాలు మారుతున్నాయి. కొన్ని ద్రావణాలు తయారయ్యేటప్పుడు వేడి పుడుతుంది, కొన్నిసార్లు ఘనపరిమాణం తగ్గుతుంది. గంధకామ్లాన్ని నీటిలో కలిపిన విద్యార్థి ఎవరైనా ఆ పాత్ర ఎలా కాలుతుందో చెప్పగలడు. ఆనాటి రసాయనవేత్తల్లో చాలామంది ద్రావణాలను బలహీనమైన సమ్మేళనాలుగానే భావించారు. అలా భావించడానికి వారికి తగిన ఆధారాలే ఉన్నాయి.

3. నేట్రాన్ సరస్సుల ఒడ్డున

బెర్తొలే 1748లో సవాయ్ ప్రాంతంలోని తలోయిర్‌లో పుట్టాడు. లెవోయిజర్‌తో కలిసి 1787లో కొత్త రసాయన నామకరణ పద్ధతిని రూపొందించిన నలుగురిలో ఒకడు. 1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర వెంట వెళ్లిన పండితబృందంలో అతడు ప్రముఖుడు. నైలు నది డెల్టాకు పడమట ఎడారిలో ఉన్న వాది నత్రూన్ సరస్సులను అక్కడ చూశాడు. వాటి ఒడ్డున సోడియం కార్బొనేట్ తెల్లని పొరలుగా పేరుకొని ఉండేది. మన చౌడు నేలల మీద వేసవిలో తేలే తెల్లని పొడి, చాకళ్లు బట్టల ఉతుకుకు వాడిన చౌడుమట్టి గుర్తున్నవారికి ఆ దృశ్యాన్ని ఊహించడం కష్టం కాదు.

అక్కడ బెర్తొలేను ఆలోచింపజేసింది ఆ పొర కాదు, అది వచ్చిన దారి. సరస్సు నీటిలో సామాన్య లవణం అపారంగా ఉంది, నేల సున్నపురాయితో నిండి ఉంది. ఉప్పుకూ సున్నపురాయికీ మధ్య చర్య జరిగి సోడియం కార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ ఏర్పడుతున్నాయని అతడు భావించాడు. ప్రయోగశాలలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. సోడియం కార్బొనేట్ ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోస్తే సున్నపురాయి తెల్లని అవక్షేపంగా దిగిపోయి, ఉప్పు ద్రావణంలో మిగులుతుంది. ఏ పదార్థానికి దేనితో ఎక్కువ ఆకర్షణ ఉందో చూపుతూ పద్దెనిమిదో శతాబ్దపు రసాయనవేత్తలు పెద్ద పెద్ద పట్టికలు కట్టారు. ఆ పట్టికలే నిజమైతే చర్య ఒకే దిశలో జరగాలి. ఇక్కడ ఉప్పు అపారంగా ఉండడం వల్ల, ఏర్పడిన సోడా పైకి తేలి తొలగిపోతుండడం వల్ల చర్య వెనుకకు మళ్లిందని బెర్తొలే వివరించాడు.

అతడు ఈ ఆలోచనను 1799లో కైరోలోని ఈజిప్టు విజ్ఞాన సంస్థలో చదివాడు. 1801లో ప్రచురించి, 1803లో వెలువడిన ‘రసాయన స్థితిశాస్త్రం’ అనే పెద్ద గ్రంథంలో విస్తరించాడు. చర్యలో పాల్గొనే పదార్థాల రాశి కూడా చర్యను నిర్ణయిస్తుందన్నది అతడి ప్రధాన ప్రతిపాదన. దీనినుంచి అతడు మరో మెట్టు ఎక్కాడు. రాశిని బట్టి చర్య మారితే, చర్యలో పుట్టిన పదార్థపు కూర్పు కూడా రాశిని బట్టి మారాలి. ఆక్సిజన్ ఎక్కువగా అందితే లోహం ఎక్కువ ఆక్సిజన్‌ను, తక్కువగా అందితే తక్కువ ఆక్సిజన్‌ను తీసుకోవాలి. స్థిరమైన నిష్పత్తి ఎక్కడైనా కనిపిస్తే అది సమ్మేళనానికి సహజమైన గుణం కాదు. ఆ పదార్థం అవక్షేపంగా దిగిపోవడం, స్ఫటికంగా గడ్డకట్టడం, వాయువుగా ఎగిరిపోవడం వంటి కారణాల వల్ల చర్య నుంచి తప్పుకోవడమే దానికి మూలం. అంటే బెర్తొలే దృష్టిలో మారే కూర్పే సాధారణం, స్థిరమైన కూర్పు ప్రత్యేక సందర్భం. ద్రావణాలు, గాజు, లోహాల కలయికలు అన్నీ అతడికి సమ్మేళనాలే.

సీసాన్ని గాలిలో కాచినప్పుడు బూడిదరంగు నుండి పసుపుకు, పసుపు నుండి ఎరుపుకు మారడం అతడు చూపిన ఉదాహరణల్లో ఒకటి. ఆక్సిజన్ కొంచెం కొంచెంగా చేరుతూపోవడం అందులో అతడికి కనిపించింది.

4. ప్రూస్ట్ తూకాలు

ప్రూస్ట్ 1754లో ఆంజే పట్టణంలో ఒక ఔషధ వ్యాపారి ఇంట పుట్టాడు. అతడి ముఖ్యమైన పరిశోధనలన్నీ స్పెయిన్‌లో జరిగాయి. మొదట సెగోవియాలోని సైనిక ఫిరంగి కళాశాలలోనూ, 1799 నుంచి మాడ్రిడ్‌లోనూ ప్రయోగశాలలు నడిపాడు. ఖనిజాలను విశ్లేషించడం అక్కడ అతడి నిత్యకృత్యం. బెర్తొలే సిద్ధాంతకర్త, ప్రూస్ట్ త్రాసు పట్టుకున్న విశ్లేషకుడు. వివాదం సాగిన తీరుపై ఈ స్వభావభేదం ప్రభావం చాలా ఉంది.

1799లో అతడు రాగిపై ప్రచురించిన పరిశోధన ఈ చరిత్రలో కీలకమైనది. 100 పాళ్ల రాగిని గంధకామ్లంలో గాని నత్రికామ్లంలో గాని కరిగించి, సోడా లేక పొటాష్ కార్బొనేట్‌తో అవక్షేపిస్తే ఎప్పుడూ 180 పాళ్ల పచ్చని కార్బొనేట్ వస్తుందని అతడు చూపాడు. రాగి చెంబుకు పట్టే చిలుములో కూడా చాలావరకు ఉండేది ఈ పచ్చని పదార్థమే. మాలకైట్ అనే పచ్చని ఖనిజం భూమిలో సహజంగా దొరుకుతుంది. దానిని విశ్లేషించినా ప్రయోగశాలలో చేసినదాని కూర్పే వచ్చింది. ఆమ్లం మారినా, అవక్షేపించే లవణం మారినా, తయారుచేసింది మనిషైనా ప్రకృతైనా ఒకే తూకం. జపాన్ ఇంగిలీకమూ స్పెయిన్‌లోని అల్మాదేన్ ఇంగిలీకమూ ఒకే కూర్పు కలవని కూడా అతడు వాదించాడు.

నేటి రసాయన సూత్రం ప్రకారం లెక్కగడితే 100 పాళ్ల రాగికి దాదాపు 174 పాళ్లు రావాలి. ప్రూస్ట్ అంకె 180. నూటికి మూడు, నాలుగు పాళ్ల తేడా ఇది. తగరపు రెండు ఆక్సైడ్ల విషయంలోనూ అంతే. ఒకదానిలో నూటికి 87 పాళ్ల తగరం, 13 పాళ్ల ఆక్సిజన్ ఉన్నాయని, రెండోదానిలో 78.4 పాళ్ల తగరం, 21.6 పాళ్ల ఆక్సిజన్ ఉన్నాయని అతడు చెప్పాడు. 100 పాళ్ల తగరానికి లెక్కకడితే ఆక్సిజన్ మొదటిదానిలో 14.9, రెండోదానిలో 27.6 అవుతుంది. నిజమైన విలువలు 13.5, 27 చొప్పున సరిగ్గా ఒకటికి రెండు. ప్రూస్ట్ ఈ రెండింతల సంబంధాన్ని గుర్తించలేదు. తూకాలు మరింత కచ్చితంగా ఉంటే బహ్వనుపాత నియమం అతడి పేరనే ఉండేదని అనేవారున్నారు. ఆ అభిప్రాయంతో ఏకీభవించడం కష్టం. అతడు సమ్మేళనపు నూరు పాళ్లకు లెక్క కట్టేవాడు గాని స్థిరమైన లోహపు రాశికి కట్టలేదు. అలా కట్టాలన్న ఆలోచన కలగడానికి ముందు పరమాణువు వంటి ఒక భావన మనసులో ఉండాలి.

ఇక్కడ మరో విషయాన్ని దాటవేయకూడదు. నూటికి మూడు పాళ్లు తప్పే విశ్లేషణతో, నూటికి ఒక పాలు మేరకు కూర్పు మారే పదార్థం ఏదీ లేదని నిరూపించడం సాధ్యం కాదు. ప్రూస్ట్ తూకాలు నియమాన్ని సూచించాయి గాని దానిని తిరుగులేకుండా స్థాపించలేదు. స్థిరత్వం మీద అతడికున్న నమ్మకం తూకాల కంటే ముందు నడిచింది. ప్రకృతి తన త్రాసును చేతబట్టి కూర్పులను నిర్ణయిస్తుందన్న ధోరణిలో అతడు రాసిన వాక్యాల్లో ఆ నమ్మకం స్పష్టంగా కనిపిస్తుంది.

5. వాదంలోని వలయం

ప్రూస్ట్ జవాబులు కొన్నేళ్లపాటు ఫ్రెంచి పత్రికల్లో వెలువడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగానే ఖండించుకున్నారు. ప్రూస్ట్ పద్ధతి ఇలా ఉండేది. మారే కూర్పు గలదని బెర్తొలే చూపిన ఒక ఆక్సైడును తీసుకుంటాడు. అది ఒకే పదార్థం కాదనీ, స్థిరమైన కూర్పు గల రెండు ఆక్సైడుల మిశ్రమమనీ చూపుతాడు. ఆమ్లంలోనో క్షారంలోనో ఒకటి కరిగి రెండోది మిగిలితే వాదం నెగ్గినట్టే. కూర్పు క్రమంగా కాక మెట్లు మెట్లుగా మారుతుందనీ, రెండు మెట్ల మధ్య కనిపించేది కలగలుపు మాత్రమేననీ అతడి సిద్ధాంతం. ఇనుముకు రెండు ఆక్సైడులు, గంధకంతో కలిసినప్పుడు రెండు సల్ఫైడులు అనే లెక్కలూ ఈ పద్ధతి నుంచి వచ్చినవే. ఆక్సైడ్ అనుకున్నవాటిలో కొన్ని నిజానికి నీటితో కూడిన హైడ్రాక్సైడులని అతడు గుర్తించడం కూడా బెర్తొలే ఉదాహరణలను బలహీనపరచింది.

ద్రావణాలు, గాజు, లోహాల కలయికల విషయానికి వచ్చేసరికి వాదం వేరే దారి పట్టింది. వీటిలో విడదీయడానికి రెండు స్థిరమైన సమ్మేళనాలు లేవు. కూర్పు నిజంగానే మెల్లమెల్లగా మారుతుంది. అప్పుడు ప్రూస్ట్ ఇచ్చిన సమాధానం: ఇవి అసలు సమ్మేళనాలే కావు. చక్కెరను నీటిలో కరిగించే ఆకర్షణా, కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి చక్కెరను చేసే ఆకర్షణా ఒకటేనో కాదో తనకు అనవసరమనీ, ఫలితాల్లో అవి ఎంత భిన్నమంటే రెండింటినీ కలగలపడం సాధ్యం కాదనీ అతడు వాదించాడు. ఇది చాలా నిజాయితీ గల మాట. కారణం తనకు తెలుసునని అతడు చెప్పుకోలేదు. అయితే తర్కం దృష్టితో చూస్తే ఇందులో ఒక వలయం ఉంది. సమ్మేళనాలన్నింటికీ కూర్పు స్థిరం అనేది నియమం. కూర్పు స్థిరంగా లేని వస్తువు ఎదురైతే అది సమ్మేళనం కాదనడమే జవాబు. అలాంటి నియమానికి వ్యతిరేక ఉదాహరణ ఎన్నటికీ దొరకదు. ప్రకృతిని గురించిన వాక్యం ఇక్కడ పదానికి నిర్వచనంగా మారిపోయింది.

దీనినిబట్టి ప్రూస్ట్ గెలుపు వట్టి మాటల గెలుపని తేల్చడం తొందరపాటు అవుతుంది. ఒక నిర్వచనం మంచిదా చెడ్డదా అన్నది అది చేయించే పనిని బట్టి తెలుస్తుంది. సగం సగంగా కనిపించిన ప్రతి ఆక్సైడును విడదీసి చూడమని ప్రూస్ట్ నిర్వచనం రసాయనవేత్తను ప్రయోగశాలకు పంపింది, చాలాసార్లు అది నిజంగానే విడిపోయింది. బెర్తొలే దృష్టి ఆ రోజుల్లో అలాంటి పనిని చూపలేకపోయింది. దాని ఫలితం అరవై ఏళ్ల తర్వాత, రాశిని బట్టి చర్యావేగాలనూ సమతాస్థితినీ లెక్కించే శాస్త్రంగా వెలువడింది. ఒకే వాదంలో ఓడిన సగం, నెగ్గిన సగం రెండూ బెర్తొలేవే.

విడదీయగలగడం కూడా తప్పు పట్టని గీటురాయి కాదు. ఎర్రని సీసపు సిందూరం మీద నత్రికామ్లం పోస్తే సీసంలో మూడింట రెండు వంతులు కరిగిపోయి, గోధుమరంగు ఆక్సైడ్ మిగులుతుంది. ప్రూస్ట్ పద్ధతి ప్రకారం ఇది రెండు ఆక్సైడుల మిశ్రమంగా కనిపించాలి. స్ఫటిక నిర్మాణం తెలిసిన నేడు అది మూడు సీసపు పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు గల ఒకే సమ్మేళనమని తేలింది.

6. పరమాణువు ఇచ్చిన కారణం

1808లో డాల్టన్ గ్రంథం మొదటి భాగం వెలువడింది. మూలకాలు పరమాణువులుగా ఉండి, ఒకటికి ఒకటి, ఒకటికి రెండు చొప్పున కలుస్తాయంటే కూర్పు మెట్లు మెట్లుగానే మారాలి. సగం పరమాణువు ఉండదు కదా. ప్రూస్ట్‌కు కారణం తెలియని స్థిరత్వానికి ఇక్కడ ఒక కారణం దొరికింది. కార్బన్ రెండు ఆక్సైడులలో ఒకే రాశి కార్బన్‌కు ఆక్సిజన్ ఒకటికి రెండు నిష్పత్తిలో ఉండడం వంటి ఉదాహరణలు దీనికి తోడయ్యాయి. అదే సంవత్సరం థామస్ థామ్సన్, వొలాస్టన్ లవణాల్లో ఇలాంటి గుణిజ సంబంధాలను చూపారు. ఆ తరువాతి సంవత్సరాల్లో బెర్జీలియస్ చేసిన వందల విశ్లేషణలు ప్రూస్ట్ తూకాల్లో లేని కచ్చితత్వాన్ని తెచ్చాయి.

డాల్టన్ ప్రూస్ట్ శిష్యుడు కాడు. అతడు పరమాణువుల దగ్గరికి గాలి మీదుగా వచ్చాడు. ఇక్కడ మిశ్రమం కథ మొదలవుతుంది.

7. స్థిరంగా ఉండే మిశ్రమాలు

గాలి సమ్మేళనమా, మిశ్రమమా? పాఠశాల విద్యార్థి తడుముకోకుండా జవాబు చెప్పే ఈ ప్రశ్న 1800 ప్రాంతంలో తేలికైనది కాదు. కావెండిష్ 1783లో ప్రచురించిన పరిశోధనలో సుమారు 60 రోజులపాటు గాలిని పరీక్షించి, ఆక్సిజన్ భాగం నూటికి 20.83 అని, అది రోజురోజుకూ మారదని చెప్పాడు. 1804 సెప్టెంబరు 16న బెర్తొలే శిష్యుడు గే-లుసాక్ ఒంటరిగా బెలూనులో సుమారు 7,000 మీటర్ల ఎత్తుకు ఎగిరి అక్కడి గాలిని సీసాల్లో పట్టి తెచ్చాడు. దాని కూర్పు పారిస్ వీథుల్లోని గాలి కూర్పే. (ప్రూస్ట్ కూడా 1784లో వెర్సాయ్‌లో బెలూను ఎక్కినవాడే. ఈ చరిత్రలో బెలూనులకు వాటి పాలు ఉంది.)

బరువైన ఆక్సిజన్ కిందికి దిగకుండా, తేలికైన నైట్రోజన్ పైకి పోకుండా ఒకే నిష్పత్తిలో ఉన్నాయంటే వాటి మధ్య ఏదో బలహీనమైన సంయోగం ఉండాలని బెర్తొలే వంటివారు భావించారు. స్థిరమైన నిష్పత్తే సమ్మేళనానికి గుర్తయితే గాలి సమ్మేళనమే కావాలి. డాల్టన్ దానికి ఒప్పుకోలేదు. ఒక వాయువు కణాలు మరో వాయువు కణాలతో సంబంధం లేకుండా ఖాళీలోకి వ్యాపించినట్టే వ్యాపిస్తాయని, అందువల్లనే గాలి సమంగా కలిసి ఉంటుందని అతడు వాదించాడు. ప్రయోగం కూడా అతడినే సమర్థించింది. నీటిలో కరిగిన గాలిని మరిగించి బయటికి తీస్తే అందులో ఆక్సిజన్ దాదాపు మూడింట ఒక వంతు ఉంటుంది. గాలి సమ్మేళనమైతే మొత్తంగా ఒకేలా కరగాలి గాని ఒక భాగం ఎక్కువగా కరగకూడదు.

దీనికంటే చిక్కైన ఉదాహరణ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని జలద్రావణాన్ని మరిగిస్తే, గాఢత ఎంతైనా చివరకు నూటికి 20.2 పాళ్ల ఆమ్లం గల ద్రవంగా మారి, సుమారు 108 డిగ్రీల సెల్సియస్ వద్ద కూర్పు మారకుండా ఆవిరవుతుంది. ఆ కూర్పును లెక్కిస్తే ఒక ఆమ్ల అణువుకు ఎనిమిది నీటి అణువులు తేలుతాయి. స్థిరమైన కూర్పు, స్థిరమైన మరుగు ఉష్ణోగ్రత, పూర్ణాంకాల నిష్పత్తి మూడూ ఉన్నాయి. సమ్మేళనమని నమ్మడానికి ఇంకేం కావాలి? 1860 ప్రాంతంలో రాస్కో, డిట్మార్ పీడనాన్ని మార్చి అదే ద్రవాన్ని మరిగించారు. పీడనం మారితే స్థిరంగా మరిగే ద్రవపు కూర్పు కూడా మారింది. పూర్ణాంకం యాదృచ్ఛికమని తేలింది.

అప్పటినుంచి గీటురాయి స్వరూపం మారింది. కూర్పు స్థిరంగా ఉందా అని అడిగితే చాలదు, ఉష్ణోగ్రత, పీడనం మారినా స్థిరంగా ఉంటుందా అని అడగాలి. 1904లో ఆస్ట్‌వాల్డ్ లండన్‌లో చేసిన ఫారడే స్మారకోపన్యాసంలో సమ్మేళనానికి పరమాణువుల ప్రసక్తి లేకుండా ఈ ధోరణిలోనే నిర్వచనం ఇచ్చాడు.

8. బెర్తొలైడ్లు

ప్రూస్ట్ పరిధి నుంచి తప్పించిన లోహాల కలయికలు ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి ముందుకు వచ్చాయి. రష్యన్ రసాయనవేత్త నికొలాయ్ కుర్నకోవ్ థాలియం, బిస్మత్ వంటి లోహాల కలయికలను పరిశీలిస్తూ, ఒకే స్ఫటిక నిర్మాణంతో, తనదైన గుణాలతో ఉంటూ కూడా కూర్పు ఒక మేర వరకు మారే పదార్థాలను గుర్తించాడు. స్థిరమైన కూర్పు గల వాటిని డాల్టొనైడ్లని, మారే కూర్పు గల వాటిని బెర్తొలైడ్లని పిలిచాడు. ఓడిపోయాడనుకున్న వ్యక్తి పేరు నూరేళ్ల తరువాత శాస్త్రపరిభాషలో చోటు చేసుకుంది. తెలుగులో ‘మిశ్రలోహం’ అనే మాట ఈ వివాదంలో ఒక పక్షాన్ని ముందే ఎంచుకుందన్న సంగతి గమనించదగినది. రాగి, తుత్తునాగం కలయికల్లో ఇత్తడి అని మనం పిలిచే వాటిలో కొన్నింటికి తమదైన స్ఫటిక నిర్మాణం ఉంది. వాటిని కేవలం మిశ్రమం అనడానికి నేటి లోహశాస్త్రవేత్త వెనుకాడతాడు.

మారే కూర్పు లోహాలకే పరిమితం కాలేదు. ఇనుము, ఆక్సిజన్ ఒకటికి ఒకటి చొప్పున కలిసి ఉండాలని పాఠ్యపుస్తకం చెప్పే ఆక్సైడులో నిజానికి ఇనుము ఎప్పుడూ తక్కువే. 100 ఆక్సిజన్ పరమాణువులకు ఇనుము పరమాణువులు సుమారు 95, కొన్ని పరిస్థితుల్లో ఇంకా తక్కువ. స్ఫటికంలో ఇనుము ఉండవలసిన చోట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి. విద్యుదావేశం లెక్క సరిపోవడానికి మిగిలిన ఇనుములో కొంత ఎక్కువగా ఆక్సీకరణం చెందుతుంది. ప్రూస్ట్ తూకంలోని తప్పు కంటే ఈ లోటు చిన్నది. అతడి త్రాసుకు అది అందే అవకాశమే లేదు.

బరువుల మీద ఆధారపడిన నియమానికి మూలకం వైపు నుంచి కూడా ఒక దెబ్బ తగిలింది. 1913లో సాడీ ఐసోటోపుల భావనను ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడాది రిచర్డ్స్ యురేనియం ఖనిజాల్లో దొరికే సీసం పరమాణుభారం సాధారణ సీసం విలువ అయిన 207.2 కంటే స్పష్టంగా తక్కువని కొలిచి చూపాడు. అంటే రెండు చోట్ల దొరికిన సీసంతో ఒకే ఆక్సైడును తయారుచేస్తే బరువు పాళ్లు ఒకేలా రావు. జపాన్ ఇంగిలీకం, స్పెయిన్ ఇంగిలీకం ఒకటే అన్న ప్రూస్ట్ మాటకు పరమాణువుల సంఖ్యలో చెల్లుబాటు ఉంది గాని, బరువులో తిరుగులేని చెల్లుబాటు లేదు.

ఇక మొదట చెప్పుకున్న పరీక్షనాళికలోని నల్లని గడ్డ. అది ఇనుప సల్ఫైడు. 7 పాళ్ల ఇనుముకు 4 పాళ్ల గంధకం అంటే పరమాణువుల లెక్కలో ఒకటికి ఒకటి. భూమిలో ఇదే జాతికి చెందిన ఖనిజం పైరొటైట్. దానిలో ఇనుము ఎప్పుడూ కొంత లోటుగా ఉంటుంది. ఆ లోటు నమూనా నుంచి నమూనాకు మారుతూ, ఎనిమిది గంధకపు పరమాణువులకు ఏడు ఇనుము పరమాణువుల వరకు పోతుంది. గంధకం పాలు కొద్దిగా ఎక్కువైతే పరీక్షనాళికలో కూడా ఇలాంటి పదార్థమే ఏర్పడగలదు. సరిగ్గా ఒకటికి ఒకటి చొప్పున ఉండే ఇనుప సల్ఫైడుకు ట్రోయిలైట్ అని పేరు. 1766లో ఇటలీలోని అల్బరేటోలో పడిన ఉల్కను వర్ణించిన దొమెనికో ట్రోయిలీ పేరు మీదుగా ఆ పేరు పెట్టారు. భూమి పైపొరలో అది చాలా అరుదు, ఎక్కువగా దొరికేది ఉల్కలలోనే.